చిన్న ఆఫీసుకు నెట్‌వర్క్ సామాను: ఏది ముందు కొనాలి, ఎలా పరీక్షించాలి, ఏ వరుసలో బిగించాలి

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "తక్కువ ధరలో మంచి రౌటర్ ఏది?" దానికి జవాబు చెప్పే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. ఆఫీసులో ఎర్తింగ్ ఉందా? కరెంటు పోతే ఎంతసేపు పోతుంది? గోడల్లో ఏ వైరు లాగారు? ఈ ప్రాంతంలో చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ రౌటర్ నాసిరకం కావడం వల్ల ఆగిపోవడం తక్కువ. వోల్టేజి హెచ్చుతగ్గులు, పిడుగులు, నకిలీ రాగి వైరు, ఒకే స్తంభాల మీద వేలాడే ఒకే ఒక్క ఫైబర్ లైను వల్లే ఎక్కువగా ఆగుతుంది.

అందుకే ఇక్కడ ముందు కరెంటు, తర్వాత వైరు, స్విచ్ (కరెంటు స్విచ్ కాదు, ఒక లైనును అన్ని కంప్యూటర్లకూ పంచే నెట్‌వర్క్ డబ్బా), ఆ పైనే రౌటర్, వైఫై. ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా పనిచేసే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు, బట్టల హోల్‌సేల్ కొట్టు, ల్యాబ్, స్కూలు ఆఫీసు, రైసు మిల్లు, దేనికైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

1. కొనే ముందు కాగితం మీద లెక్క

తెల్ల కాగితం మీద ఆఫీసు గదులు గీయండి. కొలతలు అడుగుల్లో ఉన్నా పర్లేదు. గోడలు ఇటుకవా, రాతివా, పైన స్లాబా, రేకులా అన్నది పక్కనే రాయండి. తర్వాత కదలకుండా ఒకేచోట ఉండే ప్రతి పరికరానికీ ఒక చుక్క పెట్టండి: కంప్యూటర్, ప్రింటర్, బయోమెట్రిక్ మెషీన్, సీసీ కెమెరాల రికార్డర్, ట్యాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్) డేటా ఉన్న కంప్యూటర్. ఇవన్నీ వైరు మీదే నడవాలి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రమే వైఫైకి వదలండి. ఈ ఒక్క నిర్ణయంతో సగం ఇబ్బందులు మొదట్లోనే తప్పుతాయి.

కాగితం మీద ఉండాల్సినవి:

- వైరు కావాల్సిన చోట్లు ఎన్ని, వాటికి పావు వంతు అదనంగా ఎన్ని
- ఒకేసారి వైఫై వాడే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎన్ని
- స్విచ్ పెట్టే చోటు నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌కి వైరు దారి ఎన్ని మీటర్లు (గోడ వెంట కొలవండి, గాలిలో కాదు)
- వేరే భవనానికి లైను తీసుకెళ్ళాలా (గోడౌన్, మిల్లు షెడ్డు, వాచ్‌మన్ గది)
- కెమెరాలు ఎన్ని, అందులో ఆరుబయట ఉండేవి ఎన్ని

ఇంటర్నెట్ వేగం గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. మంచి నాణ్యత గల వీడియో కాల్ ఒకటి 3 నుంచి 4 ఎంబీపీఎస్ తింటుంది. జీఎస్టీ పోర్టల్, మెయిళ్ళు, బ్యాంకు పనులకు అంత కూడా అక్కర్లేదు. పదిమంది ఆఫీసుకు 100 ఎంబీపీఎస్ ప్లాన్ చాలు. 300కి పెంచే డబ్బుతో రెండో లైను పెట్టుకోవడం మేలు.

2. కరెంటు, ఎర్తింగ్, పిడుగు

నెట్‌వర్క్ సామాను మీద ఒక్క రూపాయి పెట్టకముందే ఈ పని పూర్తి చేయండి.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, సామాను పెట్టబోయే సాకెట్‌లో మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. మీరు పక్కనే నిలబడి రాసుకోండి.

- ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య: 207 నుంచి 253 వోల్టుల లోపు ఉండాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఏడు ఎనిమిది మధ్య ఒకసారి చూడాలి. ఊళ్ళో వాడకం పెరిగే రాత్రి పూట వోల్టేజి బాగా దిగిపోతుంది.
- ఫేజుకీ ఎర్తుకీ మధ్య: పై అంకెకు దగ్గరగానే రావాలి. సగం వోల్టేజో, ఇంకా తక్కువో చూపిస్తే ఎర్తు తీగ ఎక్కడికీ కలవలేదన్నమాట.
- న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య: రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎక్కువ చూపిస్తే న్యూట్రల్ వదులుగానైనా ఉంది, ఎర్తు గుంట ఎండిపోయైనా ఉంది.

అద్దె ఇళ్ళలో నడిచే ఆఫీసుల్లో చాలాచోట్ల మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఇంటి యజమానితో మాట్లాడి ఎర్తు గుంట తవ్వించండి. ఖర్చు సగం మీరు పెట్టుకున్నా నష్టం లేదు. ఎర్తు లేకుండా స్పైక్ గార్డు కొనడం దండగ. అందులో ఉండే చిన్న బిళ్ళ ఎక్కువైన వోల్టేజిని ఎర్తులోకి మళ్ళిస్తుంది, మళ్ళించడానికి దారి లేకపోతే ఆ పని సరిగా చేయలేదు. పైగా ప్రతి దెబ్బకూ అది కొంత అరిగిపోతుంది. ఐదేళ్ళ నాటి స్పైక్ గార్డు మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుతో సమానమనుకోండి. వీలైతే మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డులోనే టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి, అది మొత్తం ఆఫీసును కాస్తుంది.

పిడుగు ఎక్కువగా నాలుగు దారుల్లో లోపలికి వస్తుంది: కరెంటు తీగ, బయటి నుంచి వచ్చే రాగి నెట్‌వర్క్ వైరు, స్తంభం మీద కెమెరా వైరు, డాబా మీద యాంటెన్నా వైరు. ఎండాకాలంలో కాలబైశాఖి గాలులతో వచ్చే ఉరుముల వానలే ఇక్కడ ఎక్కువ సామాను కాల్చేస్తాయి. పిడుగు మీ కప్పు మీదే పడక్కర్లేదు. అల్లంత దూరంలో పడినా పొడవాటి రాగి వైరులో పుట్టే వోల్టేజి పోర్టులను చంపడానికి చాలు.

ఇక బ్యాకప్. ఓఎన్‌టీ (ఫైబర్ లైను చివర ఆపరేటర్ బిగించే డబ్బా), రౌటర్, స్విచ్ మూడూ కలిసి 25 వాట్లు తింటాయనుకోండి. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే బ్యాటరీ మామూలుగా 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు, అంటే 84 వాట్ అవర్లు. నష్టాలు పోను కొత్త బ్యాటరీ మీద ఆ మూడూ గంటన్నర దాకా నడుస్తాయి. అదే యూపీఎస్‌కి రెండు కంప్యూటర్లు తగిలిస్తే పది నిమిషాలే. అందుకే నెట్‌వర్క్‌కి విడిగా ఒక యూపీఎస్ ఉంచండి, దానికి ఇంకేదీ తగిలించనివ్వకండి. ఓఎన్‌టీకీ ఆపరేటర్ గదికీ మధ్య లైనులో ఎక్కడా కరెంటు అవసరం లేదు. ఊరంతా చీకటైనా, మీ దగ్గర యూపీఎస్, వాళ్ళ దగ్గర బ్యాకప్ ఉంటే నెట్ వస్తూనే ఉంటుంది.

కేవలం ఓఎన్‌టీ, రౌటర్ మాత్రమే ఉన్న చిన్న చోట రౌటర్ మినీ యూపీఎస్ చాలు. కొనే ముందు అడాప్టర్ మీద వోల్టేజి, ఆంపియర్లు చదవండి. 12 వోల్టుల పరికరాలు ఎక్కువే అయినా 9, 5 వోల్టులవి కూడా ఉన్నాయి. పిన్ను పట్టింది కదా అని గుచ్చితే పరికరం పోతుంది.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు వెనక వైపు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే అందులో పెట్టండి. లేకపోతే కరెంటు మారిన ప్రతిసారీ రౌటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది.

3. ఇంటర్నెట్ లైన్లు రెండు, దారులు కూడా రెండు

ఇద్దరు ఆపరేటర్ల ఫైబర్ తీసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది. ఆ రెండు వైర్లూ ఒకే వీధి స్తంభాల మీద వస్తుంటే లారీ ఒకటి తగిలినా, రోడ్డు పనుల్లో జేసీబీ తవ్వినా రెండూ ఒకేసారి పోతాయి. మొదటిది ఫైబర్ అయితే రెండోది సిమ్ మీద నడిచేది పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో చూసినవాళ్ళకు, స్తంభాలు పడిపోతే వాటి మీది వైర్ల గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ముందు మీ గదిలో ఏ సిమ్ నిలకడగా పనిచేస్తుందో చూడండి. రెండు మూడు కంపెనీల ఫోన్లతో, పొద్దున, సాయంత్రం, కిటికీ పక్కన, గది మధ్యలో వేగం కొలిచి రాసుకోండి. తర్వాత సిమ్ రౌటర్ వివరాల్లో బ్యాండ్ల (అది అందుకోగల ఫ్రీక్వెన్సీల) జాబితా చూడండి. జియో 4జీకి 3, 5, 40, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 1, 28 బ్యాండ్లు కావాలి. విదేశీ బజారుకు తయారైన రౌటర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, వాటిలో మనకు కావాల్సిన బ్యాండ్ లేకపోతే సిగ్నల్ గీతలు ఎంతకీ నిండవు.

4. వైరు: ఇక్కడ పొదుపు చేయకండి

స్విచ్ పాడైతే పది నిమిషాల్లో మారుస్తారు. గోడలో వేసిన వైరు మార్చాలంటే ఆఫీసు రెండు రోజులు మూయాలి. అందుకే మొత్తం సామానులో మంచిది కొనాల్సిన మొదటి వస్తువు వైరే.

క్యాట్ 6 రకం నెట్‌వర్క్ వైరు, అచ్చమైన రాగి, 305 మీటర్ల పెట్టె. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి పాత రకం క్యాట్ 5ఈ కూడా నూరు మీటర్ల దాకా సరిపోతుంది, కానీ ధరలో తేడా తక్కువ కాబట్టి కొత్తగా లాగేటప్పుడు క్యాట్ 6 వేయండి. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మజూపితే వద్దనండి.

బజారులో అసలు మోసం అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన వైరు. చూడ్డానికి తేడా తెలియదు. దాని నిరోధం రాగికంటే సగానికి పైగా ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమవుతుంది. కెమెరాలకు అదే వైరులో కరెంటు పంపితే వేడెక్కుతుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే కెమెరా ఆగిపోతుంది. కొట్లోనే ఇలా పరీక్షించండి:

- పెట్టె మీద సీసీఏ (రాగి పూత అల్యూమినియం) అని ఉంటే వెంటనే పక్కన పెట్టండి. ఏమీ రాయకపోయినా అనుమానించండి.
- పెట్టె ఎత్తి చూడండి. 305 మీటర్ల రాగి క్యాట్ 6 సుమారు పది కిలోలు, అంతకు పైనే ఉంటుంది. ఆరేడు కిలోలే ఉంటే రాగి కాదు.
- ఒక తీగ చివర బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం.
- అదే తీగను నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచండి. రాగి వంగుతుంది, పూత తీగ పుటుక్కున తెగుతుంది.
- వైరు పొడవునా మీటర్ల అంకెలు ముద్రించి ఉన్నాయా చూడండి. లేని పెట్టెలో 305 మీటర్లు ఉన్నట్టు నమ్మకం లేదు.

లాగేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా మొత్తం నూరు మీటర్లు దాటకూడదు, గోడలో తొంభై, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకు (జాకులు కొట్టి ఉన్న చిన్న వైర్లకు) పది. కరెంటు వైర్లతో ఒకే పైపులో వేయకండి. అడుగు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మధ్యలో అతుకులు వద్దు. ప్రతి చోటుకీ రెండు వైర్లు లాగించండి, రెండోదానికి కూలి పెద్దగా పెరగదు.

జాక్ కొట్టే రంగుల వరుస రెండు చివర్లా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు వైపులా ఒకేలా కొట్టినా ఈ వరుస తప్పితే, చిన్న దూరంలో బాగానే పనిచేసి పొడవు వైరులో తడబడుతుంది. కారణం ఎంత వెతికినా దొరకదు.

ప్రతి వైరుకూ రెండు చివర్లా ఒకే అంకె అంటించండి. పేర్లు రాయొద్దు. మన ఆఫీసుల్లో గుమస్తా తెలుగు, మిస్త్రీ ఒడియా, ఆపరేటర్ మనిషి హిందీ మాట్లాడతారు. అంకె ముగ్గురికీ అర్థమవుతుంది.

వేరే భవనానికి వెళ్ళాలంటే రాగి వద్దే వద్దు. యాభై మీటర్లే ఉన్నా ఫైబర్ వేయండి. సింగిల్ మోడ్ ఫైబర్, రెండు చివర్లా రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగుకూ రాగి వైరు సిగ్నల్‌కూ మధ్య మార్చే చిన్న డబ్బాలు), అంతే. ఫైబర్‌లో వెళ్ళేది వెలుగు కాబట్టి పిడుగు దాని మీదుగా లోపలికి రాదు. ఒక జాగ్రత్త: బయట వేలాడదీసే ఫైబర్‌కి కొన్నిట్లో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. లోహం లేని రకం అడగండి, లేకపోతే ఆ ఉక్కు తీగను గోడ బయటే కోసి ఆపించండి.

5. స్విచ్

ఇది తేలికైన భాగం. అన్ని పోర్టులూ గిగాబిట్‌వి, లోహపు డబ్బా, ఫ్యాన్ లేనిది. సెట్టింగులేవీ లేని మామూలు స్విచ్ చాలు. టీపీ-లింక్, డీ-లింక్, నెట్‌గేర్ లాంటి వాటిలో ఏదైనా సరే, మీ ఊరికి దగ్గర్లో వారంటీ ఇచ్చేది తీసుకోండి. పోర్టులు మీ లెక్కకంటే పావు వంతు ఎక్కువ ఉండాలి.

పెట్టె మీద 10/100 అని మాత్రమే ఉంటే కొనకండి. 500 ఎంబీ ట్యాలీ బ్యాకప్ 100 ఎంబీపీఎస్ పోర్టు మీద ముప్పావు నిమిషం పడుతుంది, గిగాబిట్ మీద ఐదు సెకన్లు.

కెమెరాలకు వైరులోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ కొంటే ఒక లెక్క తప్పనిసరి. పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుందని రాసి ఉన్నా అన్ని పోర్టులకూ కలిపి ఒక పరిమితి ఉంటుంది. ఎనిమిది కెమెరాలు రాత్రి తలా 7 వాట్లు తింటే 56 వాట్లు. మొత్తం పరిమితి 65 వాట్లున్న స్విచ్ నడుస్తుంది, 40 వాట్లది నడవదు. ఆరుబయటి కెమెరాలను ఆఫీసు స్విచ్‌కి నేరుగా కలపకండి. వాటికి విడిగా చిన్న పీఓఈ స్విచ్ పెట్టి, అక్కడి నుంచి మీడియా కన్వర్టర్ల జతతో ఆఫీసు స్విచ్‌కి ఫైబర్ ముక్కతో కలపండి. కెమెరా వైరు మీదుగా పిడుగు వచ్చినా ఆ చిన్న స్విచ్ దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ.

6. రౌటర్

ఆపరేటర్ ఉచితంగా ఇచ్చే ఓఎన్‌టీ ఐదారుగురికి నడుస్తుంది. పదిమంది దాటినా, రెండు లైన్లు కలపాలన్నా సొంత రౌటర్ కావాలి.

యాంటెన్నాల సంఖ్య చూసి కొనకండి. చూడాల్సినవి ఇవి:

- వ్యాన్ (బయటి ఇంటర్నెట్ లైను గుచ్చేది), ల్యాన్ (ఆఫీసు వైర్లు గుచ్చేవి) పోర్టులు గిగాబిట్‌వేనా. ఏసీ 1200 అని రాసిన చవక రౌటర్లు చాలావాటిలో పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. ఆ 1200 అంకె కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీది 300, 5 గిగాహెర్ట్జ్ మీది 867 కలిపి చెప్పేది. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు.
- రెండు వ్యాన్‌లు పెట్టుకునే వీలు, ఒకటి పోతే రెండోదానికి తనంతట తాను మారే వీలు.
- అతిథులకు వేరే వైఫై పెట్టే వీలు.
- కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి గత ఏడాదిలో కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చిందా. రాకపోతే అది ఎంత చవకైనా వద్దు, భద్రతా లోపాలు బయటపడినా సరిదిద్దేవాళ్ళుండరు.
- అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు.

మైక్రోటిక్ రౌటర్లు ధరకు మించి పనిచేస్తాయి, కానీ సెట్టింగులు తెలిసిన మనిషి దగ్గర్లో లేకపోతే తీసుకోవద్దు. మీ ఊళ్ళో ఎవరు సరిచేయగలరో చూసుకుని పరికరం ఎంచుకోవాలి.

7. వైఫై

వైఫై 6 యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ మాత్రమే ఇచ్చే డబ్బా) ఒకటి ఆఫీసు మధ్యలో, సీలింగ్‌కి, వైరుతో. వెయ్యి చదరపు అడుగుల చోటుకు మామూలుగా ఇది చాలు. మందపాటి రాతి గోడల పాత భవనమైతే గదికొకటి కావాల్సి రావచ్చు, అప్పుడు కూడా ప్రతిదానికీ వైరు వేయండి. గాలిలో అందుకుని గాలిలోనే పంపే రిపీటర్లు చాలావరకు వేగాన్ని సగం చేస్తాయి.

2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఒక గోడ దాటేసరికి నీరసిస్తుంది. 2.4కి చానల్ 1, 6, 11లో ఒకటి మాత్రమే పెట్టండి, మిగతావి పక్కవాళ్ళ వాటితో కలగాపులగం అవుతాయి. బజారు వీధిలో ఉన్న ఆఫీసైతే ఫోనులో వైఫై ఎనలైజర్ యాప్ వేసి, మూడింటిలో ఖాళీగా ఉన్నది చూసుకోండి. యాక్సెస్ పాయింట్‌ను ఇనుప బీరువా వెనక, రేకు షెడ్డు గోడకు ఆనించి పెట్టకండి.

8. ఎక్కడ కొనాలి, బిల్లు ఎలా తీసుకోవాలి

రాయగడ వాళ్ళు పార్వతీపురం, విజయనగరం వెళ్తారు. పర్లాకిమిడి వాళ్ళకు శ్రీకాకుళం దగ్గర, గంజాం వాళ్ళకు బరంపురం. ఎక్కడ కొన్నా వారంటీ మార్పిడి ఎవరి చేతుల్లో ఉందో ముందే అడగండి: కొట్టు వాడు మారుస్తాడా, మీరే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాలా? వంద రూపాయలు తగ్గిందని దూరపు ఊళ్ళో కొంటే, పాడైన రోజు రైలు టికెట్‌కే అంతకంటే ఎక్కువ పోతుంది.

జీఎస్టీ ఉన్న ఆఫీసులు ఇది తప్పక చూడాలి. మీ ఒడిశా జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, ఆంధ్ర కొట్టుది 37తో. వాళ్ళు మామూలు గిరాకీకి ఇచ్చినట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి బిల్లు ఇస్తే ఆ పన్ను క్రెడిట్ మీకు రాదు. మీ నంబరు ముందే ఇచ్చి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే జీఎస్టీ) బిల్లు అడగండి. ఈ సామాను మీద పన్ను 18 శాతం కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. సరుకు యాభై వేలు దాటితే రాష్ట్రం దాటడానికి ఈ-వే బిల్లు కూడా ఉండాలి.

పదిమంది ఆఫీసుకు సుమారు ఖర్చు, కూలి, ఎర్తింగ్ కాకుండా:

- క్యాట్ 6 రాగి పెట్టె: 7 నుంచి 10 వేలు
- 16 పోర్టుల గిగాబిట్ స్విచ్: 3,500 నుంచి 5 వేలు
- రౌటర్: 3 నుంచి 4 వేలు
- వైఫై 6 యాక్సెస్ పాయింట్: 5 నుంచి 8 వేలు
- 600 వీఏ యూపీఎస్: 3 వేల పైచిలుకు
- గోడ ర్యాక్, జాకులు, ప్యాచ్ కార్డులు: 5 నుంచి 7 వేలు

అంతా ఒకేసారి వీలుకాకపోతే యాక్సెస్ పాయింట్ వాయిదా వేసి, రౌటర్‌లో ఉన్న వైఫైతో కొన్నాళ్ళు నడపండి. వైరు, యూపీఎస్ వాయిదా వేయకండి.

9. బిగించే వరుస

1. ఎర్తు కొలతలు సరిగా వచ్చాక ర్యాక్ బిగించండి. నేల నుంచి నాలుగడుగులు పైన, ఏసీ నీళ్ళు కారే చోటుకు దూరంగా. వానాకాలం నీళ్ళు నిలిచే గదైతే ఇంకా పైన.
2. వైర్లన్నీ లాగి, అంకెలు అంటించి, ప్రతిదాన్నీ టెస్టర్‌తో చూడండి. ఎనిమిది దీపాలూ వరుసగా వెలగాలి. ఇది అయ్యేదాకా వైరింగ్ మనిషికి పూర్తి డబ్బు ఇవ్వకండి.
3. ఓఎన్‌టీ నుంచి రౌటర్ వ్యాన్ పోర్టుకు, రౌటర్ ల్యాన్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి మిగతా అన్నిటికీ.
4. రౌటర్ చిరునామా (ఐపీ అడ్రస్) 192.168.10.1గా మార్చండి. చాలా ఓఎన్‌టీలు 192.168.1.1 వాడతాయి, రెండూ ఒకటే అయితే నెట్ రాదు.
5. ఓఎన్‌టీలో వైఫై ఆపేయండి. వీలైతే ఆపరేటర్‌ని అడిగి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మీ రౌటర్‌కే వదిలేసేలా) పెట్టించండి.
6. ప్రింటర్‌కీ, ట్యాలీ కంప్యూటర్‌కీ రౌటర్‌లో స్థిరమైన చిరునామా కేటాయించండి.
7. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో వైఫైలో చేరే వీలు), బయటి నుంచి రౌటర్‌లోకి వచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ రెండూ ఆపండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ భద్రతా రకంగా పెట్టండి. వచ్చేపోయేవాళ్ళకు అతిథి వైఫై మాత్రమే ఇవ్వండి.
8. పాస్‌వర్డులు, చిరునామాలు, ఆపరేటర్ కస్టమర్ నంబరు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బిగించిన మనిషి ఊరు మారినా ఆఫీసు ఆగకూడదు.
9. చివరగా ఓఎన్‌టీ నుంచి రౌటర్‌కి వచ్చే వైరు పీకి చూడండి. రెండో లైనుకు తనంతట తాను మారిందా? మెయిన్ ఆపి చూడండి. యూపీఎస్ ఎంతసేపు మోసిందో రాసుకోండి.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే తీరు

నెట్ రావడం లేదు. ముందు ఓఎన్‌టీ చూడండి. ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ ఎక్కడో తెగి ఉంటుంది, మీరు చేయగలిగింది ఏమీ లేదు, ఆపరేటర్‌కి ఫోన్ చేయండి. వాళ్ళ మనిషి వచ్చినప్పుడు మీటర్‌లో సిగ్నల్ బలం అంకె అడగండి. మైనస్ 20, 22 లాగా మైనస్ 25 దాటకుండా ఉంటే నిశ్చింత. మైనస్ 27, 28 చూపిస్తే ఇవాళ పనిచేసినా వానకు మళ్ళీ పోతుంది, అతుకు మార్చమనండి.

ఎర్ర దీపం లేదు, అయినా రావడం లేదు. వైరు మీదున్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 192.168.10.1 కొట్టండి. జవాబు రాకపోతే తప్పు ఆఫీసు లోపలే: వైరు, స్విచ్, రౌటర్. వస్తే పింగ్ 8.8.8.8 (ఇంటర్నెట్‌లో గూగుల్ వాళ్ళ చిరునామా) కొట్టండి. దానికి రాకపోతే తప్పు ఆపరేటర్ వైపు. దానికి కూడా వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే సర్వర్) మార్చండి.

ఒక్క కంప్యూటర్ మాత్రమే నెమ్మది. నెట్‌వర్క్ స్టేటస్‌లో వేగం 1 జీబీపీఎస్ ఉండాల్సింది 100 ఎంబీపీఎస్ చూపిస్తుంటే జాక్‌లో నీలం జతో, గోధుమ జతో సరిగా తగలడం లేదు. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. జాక్ కోసి కొత్తది కొట్టండి.

ఉన్నట్టుండి అందరికీ ఆగిపోయింది, స్విచ్ దీపాలన్నీ ఒకేసారి పిచ్చిగా మినుకుతున్నాయి. ఊడ్చేటప్పుడు ఊడిపోయిన వైరును ఎవరో స్విచ్‌లోనే ఇంకో పోర్టుకు గుచ్చి ఉంటారు. ఒకే వైరు రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో ఉంటే ఇలాగే అవుతుంది. ఒక్కొక్క వైరూ తీస్తూ వెళ్ళండి, ఏది తీయగానే దీపాలు నెమ్మదిస్తాయో అదే.

కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు. ఆఫీసులో రెండు పరికరాలు చిరునామాలు పంచుతున్నాయి. పాత రౌటర్‌ని వైఫై కోసం స్విచ్‌కి తగిలించినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, ఆ మోడ్ లేకపోతే అందులో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామా మార్చి, వైరు ల్యాన్ పోర్టుకే గుచ్చండి.

రోజూ మధ్యాహ్నం రౌటర్ హ్యాంగ్ అయిపోతుంది. చేయి పెట్టి చూడండి, కాలుతుంటే గాలి ఆడే చోటుకు మార్చండి. వేడి లేకపోతే అడాప్టర్‌ని అనుమానించండి. వోల్టేజి దెబ్బలు తిన్న అడాప్టర్ దీపం వెలిగిస్తుంది, పని పెరిగితే చాలినంత కరెంటు ఇవ్వలేదు. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్నది కొనండి. కొత్త రౌటర్ కొనాలనుకున్న చాలామందికి కావాల్సింది మూడు నాలుగు వందల అడాప్టరే.

11. ఈదురుగాలుల కాలానికి ముందు

చైత్రంలోనే ఒకరోజు పెట్టుకోండి.

- ఎర్తు గుంటలో నీళ్ళు పోసి, మూడు కొలతలూ మళ్ళీ తీయించాలి
- యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ళు దాటితే మార్చాలి, అరగంట కూడా మోయకపోతే అంతకు ముందే మార్చాలి
- రౌటర్, యాక్సెస్ పాయింట్ ఫర్మ్‌వేర్ చూసుకోవాలి, సెట్టింగులు పెన్‌డ్రైవ్‌లో దాచాలి
- ఒక సంచిలో: రౌటర్ అడాప్టర్ ఒకటి, ఐదు పోర్టుల చిన్న గిగాబిట్ స్విచ్ ఒకటి, ప్యాచ్ కార్డులు నాలుగు, జాకులు పది, క్రింపింగ్ టూలు, టెస్టర్
- సిమ్ రౌటర్‌లో రీఛార్జి అయిపోలేదని చూడాలి, తుఫాను రోజున రీఛార్జి చేయడానికి నెట్ ఉండదు

రాత్రి ఉరుములు వినిపిస్తున్నప్పుడు, ఆఫీసు మూసేవాళ్ళు యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసేయాలి, స్విచ్ ఆపితే చాలదు. డాబా మీది యాంటెన్నా, ఆరుబయటి కెమెరాల వైపు నుంచి వచ్చే రాగి వైర్లు కూడా తీయాలి. ఉరుములు దగ్గరపడ్డాక మాత్రం వైర్లు ముట్టుకోవద్దు. ఫైబర్ వైరును కదపక్కర్లేదు. దాన్ని పీకితే చివర దుమ్ము పట్టి, పొద్దున సిగ్నల్ తగ్గిపోతుంది.